ఇంటర్వెల్లో రబ్బరు చెప్పులు

తెలుగు ప్రేక్షకుడు హీరో మొహం చూస్తాడు, క్రాఫు చూస్తాడు, చొక్కా కాలరు చూస్తాడు. కాళ్ళకేసి చూసేవాడు మాత్రం అరుదు. నేను చూస్తాను. అదేదో భక్తి అనుకునేరు! పదిహేడేళ్ళు చెప్పుల ప్రకటనలు గీసి బతికినవాణ్ణి. కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చింది గదా. ‘శ్రీవల్లి’ పాటలో అల్లు అర్జున్ కాలీడ్చుకుంటూ నడుస్తుంటే చెప్పు జారి వెనకబడిపోతుంది. ఆయన వెనక్కొచ్చి దాన్ని తొడుక్కుని మళ్ళీ నడుస్తాడు. ఆ ముక్క చూసి దేశమంతా కాలీడ్చింది. క్రికెట్ ఆటగాళ్ళు ఈడ్చారు, పెళ్ళికొడుకులు ఈడ్చారు. హాల్లో నా పక్క సీటు కుర్రాడు ఈల వేస్తుంటే నేను చేతి గడియారం చూసుకున్నాను. చెప్పు ఒక్కటే తెరమీద ఎంతసేపుందో లెక్క కడదామని! ఆ కాస్సేపు చెప్పుని తెరకెక్కించడానికి 1980లలో మా ఓనరు ఎంతమంది థియేటరు మేనేజర్లకి టీలు తాగించాడో మీకేం తెలుసు?

మరుసటేడు, 2022 జూలైలో, ‘లైగర్’ ట్రైలరు ఉత్సవానికి విజయ్ దేవరకొండ ముంబయిలో మామూలు హవాయి చెప్పులతో స్టేజీ ఎక్కాడు. జత ఖరీదు 199 రూపాయలని పత్రికలు రాశాయి. సినిమా ఆడలేదుగానీ చెప్పులు మాత్రం బాగా ఆడాయి!

ఆ మాటకొస్తే మన టాకీకీ పాదరక్షలకీ చుట్టరికం పాతదే. 1932లోనే సర్వోత్తం బాదామి ‘పాదుకా పట్టాభిషేకం’ తీశారు. అయితే అవి రాముడి పాదుకలు, సింహాసనమెక్కాయి. మామూలు మనిషి చెప్పు తెరమీద దగ్గరగా కనిపించిందంటే ఎవరో ఎవర్నో కొట్టబోతున్నారనే లెక్క. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ కౌబాయ్ బూట్లు తొడిగాకగానీ కాళ్ళకి కూడా స్టైలుంటుందని మన కుర్రకారుకి తోచలేదు.

ఇక మా సంగతి. నేను 1983లో చేరాను. నిజామాబాదులో రెండు గదులు, ఒక టేబులు ఫ్యాను, గోడనిండా రంగు మరకలు. పేరుకి అడ్వర్టయిజింగ్ ఏజెన్సీ. మనుషులం నలుగురం: ఓనరు, నేను, గోడలు రాసే పెయింటరు, మైకు కట్టిన రిక్షా తొక్కే తాత. ఓనర్ని మేమంతా ‘అన్నా’ అనే పిలిచేవాళ్ళం. పసుపు కమీషను దుకాణాలు, బట్టల షాపులు, బీడీలు, అన్నీ వచ్చేవి. మా పొయ్యి వెలిగించింది మాత్రం ఒక రబ్బరు చెప్పుల కంపెనీ. పేరెందుకు లెండి. తెల్లటి అట్ట, నీలం పట్టీ, అలాంటి చెప్పు ఆ రోజుల్లో నలుగురైదుగురు చేసేవాళ్ళు.

స్లైడు ఎలా తయారయ్యేదో ఈ కాలం వాళ్ళకి చెప్పాలి. అరచేతిలో పట్టేంత గాజు పలక. దానిమీద నల్ల రంగు పలచగా పూసి, ఆరాక సూదితో అక్షరాలు గీకేవాణ్ణి. గీకిన చోట్ల వెలుతురు దూరి తెరమీద అక్షరాలు మెరిసేవి. రంగులు కావాలంటే ఫోటోలకి వేసే రంగునీళ్ళు సన్నటి కుంచెతో అద్దడమే. పైన ఇంకో గాజు పెట్టి, అంచులకి నల్ల కాగితం అంటిస్తే సరి. ఎక్కువసేపు దీపం ముందుంచితే వేడికి చిట్లేది. ఆపరేటరు హడావుడిలో తిరగేసి పెడితే చెప్పులు ఆకాశంలో వేలాడేవి, నేలక్లాసు గోల చెప్పనలవి కాదు. అన్నకి మాత్రం కోపం రాకపోయేది. “తిరగేసి వెడితేనే అందరు జూస్తరు తమ్మీ” అని నవ్వేవాడు.

ఆయన మార్కెట్ సర్వే మరీ వింత. పెద్ద హీరో సినిమా మొదటిరోజు మార్నింగ్ షో టిక్కెట్ల కిటికీ దగ్గర తొక్కిసలాట జరుగుతుందా, గేట్లు మూశాక అక్కడ ఒంటి చెప్పులు కుప్పలుగా పడివుండేవి. అన్న నన్ను పంపించి ఏ కంపెనీవి ఎన్నో లెక్కపెట్టించేవాడు. 1987లో ‘పసివాడి ప్రాణం’ మొదటిరోజు నేను లెక్కపెడుతుంటే వాచ్‌మన్ దొంగనుకుని వెంటపడ్డాడు. ఆ సినిమాలో చిరంజీవి బ్రేక్ డాన్సు చూశాక మా ఊళ్ళో కుర్రాళ్ళు తెల్ల కాన్వాసు బూట్లకి ఎగబడ్డారు. మా చెప్పుల స్టాకిస్టు నెలరోజులు మొహం వేలాడేసుకున్నాడు.

వ్యాపారానికి మా జిల్లాలో రెండు పెద్ద పండగలు. ఒకటి బోధన్ చెరుకు సీజను. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగ మొదలైతే రోడ్డు పొడుగునా చెరుకు బండ్లే. కొట్టేసిన చెరుకు మళ్ళలో కొయ్యకాళ్ళు మేకుల్లా నిలబడివుంటాయి. వట్టికాళ్ళతో తిరిగిన కూలీల పాదాలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. రెండోది ఆర్మూరు, బాల్కొండల వైపు పసుపు ఉడకబెట్టే కాలం. ఈ రెండూ కాక దుబాయి ప్రయాణాలు. వీసా వచ్చినవాడు బొంబాయి బస్సు ఎక్కేముందు కొనే మొదటి వస్తువు బూట్లు. విమానంలో చెప్పులతో కూచోనివ్వరని ఎవరు పుట్టించారో! మేం మాత్రం కాదు.

చెప్పుల ప్రకటనకి దారులు రెండే: భయపెట్టడం, ఊరించడం. బాటా కంపెనీ 1930లలో మన దేశంలో అడుగుపెట్టిన కొత్తలో భయంతోనే మొదలెట్టింది. కాలికి చిన్న గాయమైనా ధనుర్వాతం రావచ్చు, కాబట్టి బూట్లు తొడగండని పోస్టర్లు వేశారు. మా కాలానికి భయం పాతబడింది, ఊరింపు వచ్చింది. అక్కడే మాకూ కంపెనీకీ పేచీ వచ్చింది.

1986లో పట్నం నుంచి కొత్త డిజైను దిగింది. సముద్రం, ఇసుక, ఎగిరే జుట్టుతో ఒక అమ్మాయి. వట్టికాళ్ళతో నడుస్తూ మా చెప్పుల జతని చేతిలో వేలాడేసుకుని నవ్వుతోంది. బొమ్మ బ్రహ్మాండంగా వుంది, కాదనను. దేశమంతటికీ ఒకటే బొమ్మ, గీత మార్చడానికి వీల్లేదని ఉత్తరం కూడా వచ్చింది. మా జిల్లాకి సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్లు. మాకు సముద్రమంటే పోచంపాడు డ్యామే. అయినా జీతం తీసుకునేవాళ్ళం, గీశాం. హాల్లో స్లైడు పడగానే బెంచీల్లోంచి ఎవడో అరిచాడు: “కాళ్ళకు లేవు గదనే!” హాలంతా నవ్వు.

నవ్వుతో పోయేదేగానీ, నాలుగురోజుల తర్వాత బాల్కొండ వెళ్ళాం, గోడలు రాయడానికి. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే పెద్దరోడ్డు మీద వూరు, పాత కోట వున్న చోటు. రోడ్డువైపు గోడలు అయ్యాక లోపలి వాడల్లోకి పోయాం. మాదిగవాడ మొదట్లో ఒక మట్టిగోడ నున్నగా కనిపించింది. ఆ ఇంటి ముసలాయన అరుగుమీద కూచుని కిర్రుచెప్పులు కుడుతున్నాడు. ముందర ఆరె, రంపె, పక్కన నీళ్ళ తొట్టి. గోడ అడిగితే సరేనన్నాడు. ఆ రోజుల్లో గోడకి అద్దె అంటే ఒక చెప్పుల జతే.

పెయింటరు బొమ్మ గీస్తున్నాడు, నేను అక్షరాలకి సున్నం గీతలు కొడుతున్నాను. ముసలాయన పని ఆపి చాలాసేపు చూశాడు.

“గీ పిల్ల చెప్పులు చేతుల వట్టుకున్నదేంది బిడ్డా? గీమె గిట్ల దొర గడి ముంగట్నుంచి వోతున్నదా?”

“కాదు తాతా, సముద్రం ఒడ్డుకు ఇసుకల తిరుగుతున్నది. ఫ్యాషన్.”

“ఫ్యాషనా!” అన్నాడాయన. “మా నాయిన జిందగీ అంత గా ఫ్యాషనే చేసిండు.”

తెలంగాణలో పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. నిజాం కాలంలో, ఆ తర్వాత కూడా చాలా వూళ్ళలో, దొర గడి ముందునుంచి కింది కులాల మనిషి చెప్పులు తొడుక్కుని పోకూడదు. విప్పి చేత పట్టుకోవాలి, తలగుడ్డ తీయాలి. ఆ చెప్పులు ఎవరు కుట్టినవి? ఆయన తండ్రే కుట్టినవి. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి, లందలో సున్నమూ తంగేడు చెక్కా వేసి నానబెట్టి, వారాల తరబడి కంపు భరించి చేసిన చెప్పుల్ని ఆ చేసినవాడే వీధిలో తొడగకూడదు! ఇప్పుడు మేం వచ్చి అదే బొమ్మ ఆయన గోడమీదే రంగుల్లో గీస్తున్నాం, కింద పెద్దక్షరాలతో ‘హాయి’ అని.

పెయింటరు కుంచె దింపేశాడు. ఆ రోజుకి పని అక్కడితో ఆగింది.

ఇక్కడ ఒక మాట. గడి కథని వెండితెరమీద దేశానికి చూపించినాయన కూడా మా వృత్తివాడే! శ్యాం బెనెగల్ 1934లో సికింద్రాబాదు పక్కన తిరుమలగిరిలో పుట్టారు. 1959లో బొంబాయిలో లింటాస్ ఏజెన్సీలో ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరారు, వందల ప్రకటన ఫిల్ములు తీశారు. మనసులోని కథ మాత్రం దాచుకుని, నిర్మాత కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. చివరికి డబ్బు పెట్టిందెవరో తెలుసా? దేశంలో సినిమా హాళ్ళకి ప్రకటన రీళ్ళు పంచే బ్లేజ్ సంస్థ. అలా వచ్చింది 1974లో ‘అంకుర్’, షబానా ఆజ్మీ మొదటి చిత్రం, మన తెలంగాణ పల్లెలో పెత్తందారు ఇంటి కథ. సబ్బులూ పళ్ళపొడీ అమ్మిన డబ్బుతో దొర గుట్టు బయటపడిందన్నమాట! బెనెగల్ 2024 డిసెంబరులో పోయారు. ఆయన పేరు వినపడ్డప్పుడల్లా నాకు బాల్కొండ గోడ గుర్తొస్తుంది.

నిజామాబాదుకి తిరిగొచ్చి జరిగింది అన్నకి చెప్పాం. ఆయన బీడీ ముట్టించి, ఆర్పి, మళ్ళీ ముట్టించాడు.

“అరే తమ్మీ, కంపెనీ బొమ్మ గీస్తే మనకు పైసలొస్తయి. ముసలాయన మాటింటే చెప్పులు అమ్ముడువోతయి. ఏది జేద్దాం?”

“రెండు గావాలె గదన్నా.”

“రెండెట్లయితయిర!” అన్నాడుగానీ ఆ రాత్రి ఇంటికి పోలేదు. పొద్దున్నే మేం వచ్చేసరికి అట్టముక్క మీద కొత్త బొమ్మ వుంది. రెండు పాదాలు, అంతే. పసుపు ఉడకబెట్టి ఆరబోసే కాలంలో మా వైపు కూలీల కాళ్ళు మడమలదాకా పచ్చగా వుంటాయి, ఎంత కడిగినా పోదు. ఆ పచ్చటి పాదాలకి నీలం పట్టీల చెప్పులు. ఒక కాలు ముందుకి పడుతోంది. కింద ఒకటే మాట: ‘నడువు!’ పసుపు కాళ్ళంటే పెళ్ళికూతురు పాదాలూ అవుతాయి, కూలితల్లి పాదాలూ అవుతాయి. ఎవరికి తోచినట్టు వాళ్ళు చూసుకోవచ్చు. మనసులో ఒక్కసారి కుళ్ళుకున్నాను, నాకెందుకు తోచలేదా అని.

ఏర్పాటేమిటంటే పెద్దరోడ్డు మీది గోడలకి కంపెనీ బొమ్మే, సముద్రం పిల్ల. లోపలి వాడలకి పసుపు కాళ్ళు. ఇన్‌స్పెక్షనుకి జీపులో వచ్చే కంపెనీ సారు రోడ్డు దిగడని మా ధీమా. ఆయన దిగాడు! దాహం వేసి నీళ్ళకోసం సరిగ్గా మాదిగవాడ మొదట్లోనే ఆగాడు. గోడమీద పచ్చటి కాళ్ళు చూసి “ఇదేమిటి, కామెర్లా?” అన్నాడు. అన్న మెల్లగా చెప్పబోయాడు. సారు వినలేదు. ఆయన్ని మరీ తప్పుపట్టలేను, పైనుంచి ఆయనకి వచ్చిన ఆర్డరు ఆయనది. కానీ ఇరవయ్యారు గోడల బిల్లు కొట్టేశారు. రంగుల డబ్బు, పెయింటరు కూలి అన్న నెత్తిన పడ్డాయి. ఆయన లూనా అమ్మేశాడు. రెండునెలలు నా జీతం లేదు. ఏజెన్సీ మూతపడుతుందనే అనుకున్నాం.

మూతపడకుండా ఆపింది స్టాకిస్టు సేటు. అప్పటిదాకా రోడ్డుపక్క దుకాణాల్లోనే కదిలే సరుకు లోపలి వూళ్ళ నుంచి ఆర్డర్లుగా రావడం మొదలైంది. అంగడికి వచ్చిన ఆడవాళ్ళు దుకాణంలో “పసుపు కాళ్ళ చెప్పులియ్యి” అని అడుగుతున్నారట! కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరగదు, కాళ్ళ గుర్తు మాత్రం తెలుసు. సేటు తన జేబులోంచి డబ్బిచ్చి ఇంకో సీజను రాయించాడు. కంపెనీ చివరిదాకా ఆ బొమ్మని ఒప్పుకోలేదు, వద్దని మళ్ళీ ఉత్తరమూ రాయలేదు. పైవాళ్ళ న్యాయం అంతే.

ముసలాయన గోడ అద్దెకింద ఇచ్చిన జత కోసం సైజు అడిగాం. తనకి వద్దన్నాడు. బడికి పోయే మనవడి కాలు పుల్లతో కొలిచి ఆ పుల్ల మా చేతికిచ్చాడు. నేనుండబట్టలేక అడిగాను: “తాతా, మా చెప్పులు వస్తే నీ చెప్పులు ఎవరు కొంటరు?”

“ఎవరు గొనరు” అన్నాడు తేలిగ్గా. “వీని కాళ్ళకు చెప్పులుంటయి గదా. నువ్వు రాసెటియి మంచిగ రాయి, వీడు జదువుతడు.”

అన్నట్టుగానే అయింది. మరో నాలుగేళ్ళకి ఆయన దగ్గర కిర్రుచెప్పుల బేరం దాదాపు పోయింది. దున్నేవాళ్ళలో ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ చేయించుకోలేదు. ఆయన అరుగుమీదికి మా రబ్బరు చెప్పులే రిపేరుకి వచ్చేవి. తెగిన పట్టీకి తోలు ముక్క వేసి కుట్టేవాడు. కొత్త పట్టీకంటే ఆ కుట్టే ఎక్కువకాలం వచ్చేది. ఇది మా ప్రకటనలో రాయలేదనుకోండి!

ప్రపంచంలో ఇదే ఆట పెద్ద ఎత్తున ఆడినవాళ్ళున్నారు. బ్రెజిల్‌లో 1962లో హవాయానాస్ అని రబ్బరు చెప్పులు మొదలెట్టారు, జపాన్‌వాళ్ళ గడ్డి చెప్పుల్ని చూసి. అందుకే అట్టమీద బియ్యపు గింజల అచ్చు వుంటుంది. ముప్ఫైయేళ్ళు అది కూలోళ్ళ చెప్పు. 1994లో కొత్త రంగులు వేసి, పేరున్న తారలచేత తొడిగించి ప్రకటనలు వేసేసరికి ధనవంతుల కాళ్ళకెక్కింది. మా అన్న చేసింది దానికి తలకిందులు. కంపెనీ ధనవంతుల బొమ్మ పంపితే కూలోళ్ళ కాళ్ళకి మార్చాడు.

ఆ తర్వాతి ఏడాదే, 1995లో, మన దేశంలో బూట్ల ప్రకటన ఒకటి పెద్ద దుమారం లేపింది. టఫ్స్ అనే బూట్లకి ఆంబియెన్స్ ఏజెన్సీ చేసింది. మిలింద్ సోమన్, మధు సప్రే ఒంటిమీద బూట్లూ ఒక కొండచిలువా తప్ప ఏమీ లేకుండా నిలబడ్డారు. ఫోటో ప్రబుద్ధ దాస్‌గుప్తా తీశాడు. కేసయింది. పద్నాలుగేళ్ళు కోర్టులో నడిచి 2009లో కొట్టేశారు. మాకూ ఆ ఫోటో వున్న పత్రిక నలిగిపోయి చేతికొచ్చింది. పెయింటరు అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, గోడమీద గీస్తే ఎవరన్న గోడ ఇస్తరంటవా?” అన్నాడు. అన్న ఫోటోలో బూట్ల వైపే చూస్తూ “కుట్టు మంచిగున్నది” అన్నాడు. చూశారా, నా చూపు ఎవరి దగ్గర నేర్చుకున్నానో!

అప్పటికే టీవీ వచ్చి మా ఇంటర్వెల్ని తినేస్తోంది. బట్టమీద రంగుల బోర్డుల స్థానంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు దిగాయి. 2000లో ఏజెన్సీ మూసేశాం. ఆ తర్వాత హాళ్ళలో రీలే పోయి డిజిటల్ వచ్చింది, స్లైడు పెట్టే పరికరం చూసినవాళ్ళే లేరిప్పుడు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. చెరుకు బండ్ల వరసలు ఎప్పుడో పలచబడ్డాయి. దుబాయి బస్సులు మాత్రం పోతూనే వున్నాయి. మా జిల్లా మొహం ఇప్పుడు సినిమాలో కనిపిస్తోందంటే నిర్మాత దిల్ రాజుది నిజామాబాదే గదా, 2017లో ‘ఫిదా’ తీసి బాన్సువాడ పేరు దేశాలకి తెలియజేశారు. అన్న అది చూడకుండానే పోయాడు. చూసివుంటే సాయిపల్లవి కాళ్ళకేముందో చెప్పేవాడు.

పాత సినిమా వస్తువులు సేకరించే కుర్రాళ్ళు కొందరు ఈమధ్య నా దగ్గరికి వచ్చి ఆ పసుపు కాళ్ళ స్లైడు వుందా అని అడిగారు. ఎంతైనా ఇస్తామన్నారు. లేదు. గాజు ఖరీదైన వస్తువు మాకు. సినిమా మారగానే స్లైడు తెచ్చి, సోడా కలిపిన వేణ్ణీళ్ళలో రంగు కడిగేసి, ఆరబెట్టి, అదే పలకమీద ఇంకో బొమ్మ గీసేవాళ్ళం. పసుపు కాళ్ళు కడిగిన పలకమీద, నాకు గుర్తున్నంతవరకు, ఒక చీరల దుకాణం గీశాను.